పోసిన రసాయనం ఎక్కడికి పోతుంది?

అణువ్యర్థాలను గాజుగా మార్చి దాచే పద్ధతి గురించి ఇదివరకు రాసినప్పుడు, మెల్టర్‌లోకి (వ్యర్థాన్ని గాజుతో కలిపి కరిగించే కొలిమిలోకి) పంపేముందు వ్యర్థంలో ఆమ్లం, క్షారం, పర్మాంగనేట్, పంచదార లాంటివి కలుపుతారని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నాయి. సరే, తప్పు నాదే, ఈసారి శీర్షిక మొత్తం దానికే.

అప్పుడు చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. అణు ఇంధనాన్ని ఆమ్లంలో కరిగించి అందులోంచి పనికొచ్చేది తీసుకున్నాక మిగిలే ద్రవం, దాని అడుగున పేరుకున్న మడ్డి, ఇవే మన వ్యర్థాలు. వీటిని ఫ్రిట్ అనే గాజు పొడితోనో, విడి గాజు ముడిపదార్థాలతోనో కలిపి దాదాపు 1150 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి, స్టీలు డబ్బాల్లోకి పోసి చల్లారుస్తారు. వచ్చేది బోరోసిలికేట్ గాజు. వ్యర్థం గాజు లోపల ముక్కలుగా ఇరుక్కుని ఉండదు, దానిలోని మూలకాలు గాజు అల్లికలోనే భాగమైపోతాయి. ఇది గుర్తుంటే కింద వచ్చేదంతా సులువుగా అర్థమవుతుంది.

ప్రశ్న: వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో పడ్డాక, ముందు కలిపిన రసాయనాలన్నీ కాలిపోవాలి కదా సార్? ఇక గాజు మీద వాటి ప్రభావం ఏముంటుంది? (డిగ్రీ కెమిస్ట్రీ విద్యార్థిని)

జవాబు: కాలిపోతాయమ్మా, నిజమే. కానీ కాలగా మిగిలిన బూడిదే ఇక్కడ గాజు అవుతుంది, తిరకాసంతా అక్కడే ఉంది. ఏ రసాయనం తీసుకున్నా దానికి మూడే దారులు. కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ లాంటివి వాయువులుగా గొట్టంలోంచి బయటికి పోతాయి. లోహాలు, సిలికాన్, బోరాన్, ఫాస్ఫరస్ ఆక్సైడ్లుగా మారి గాజులో ఉండిపోతాయి. మూడో రకం, అంటే గంధకం, క్లోరిన్, ఫ్లోరిన్ లాంటివి కొంత పైకి పోతాయి, కొంత గాజులో ఇముడుతాయి, ఇమడనిది విడిగా తేలుతుంది. ఎక్కువ తలనొప్పి ఈ మూడో రకంతోనే.

లెక్క వేసి చూడండి, చిన్నదే. 100 కిలోల సోడియం పర్మాంగనేట్ కలిపారనుకోండి. మెల్టర్ వేడికి అందులోని మాంగనీసు దాదాపు 50 కిలోల మాంగనీస్ మోనాక్సైడ్‌గా, సోడియం దాదాపు 22 కిలోల సోడియం ఆక్సైడ్‌గా మిగులుతాయి. అంటే పోసినదాంట్లో 72 శాతం ఎక్కడో ఒకచోట గాజులో తేలాల్సిందే. (నిజంగా చేసేటప్పుడు మాంగనీసు మడ్డితోపాటు ఒక దారిన, సోడియం పైతేట ద్రవంతో ఇంకో దారిన పోతాయి, అయినా రెండు దారులూ చివరికి ఏదో ఒక గాజుకో, ఇంకో ఘనరూపానికో చేరేవే.) అదే 100 కిలోల ఫార్మిక్ ఆమ్లం పోస్తే ఒక్క గ్రాము కూడా మిగలదు, కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి, అంతే. అయితే మిగలనిది ప్రభావం చూపదా అంటే చూపుతుంది, అది పంచదార ప్రశ్న దగ్గర చెప్తాను.

ప్రశ్న: ఇంత గొడవ ఎందుకు? ఉన్న వ్యర్థాన్ని ఉన్నట్టే గాజులో పోసి కరిగిస్తే పోలేదా?

జవాబు: పోసి కరిగించవచ్చు. డబ్బాల సంఖ్య మాత్రం భయపెడుతుంది. అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో అణువ్యర్థాల భూగర్భ ట్యాంకులు 177 ఉన్నాయి, వాటి మడ్డిలో కొన్నిచోట్ల అల్యూమినియం, కొన్నిచోట్ల క్రోమియం మరీ ఎక్కువ. క్రోమియం గాజులో కొద్దిగానే కరుగుతుంది, మిగతాది స్పినెల్ అనే స్ఫటికాలుగా విడిపోయి మెల్టర్ అడుగుకు దిగి పేరుకుంటుంది. ఆ కాస్త క్రోమియం కోసం మిగతా వ్యర్థం మొత్తాన్ని పలచన చేయాలి, అంటే గాజు ఎక్కువ, డబ్బాలు ఎక్కువ, ఏళ్లు ఎక్కువ. అందుకే అల్యూమినియాన్ని వేడి సోడియం హైడ్రాక్సైడ్‌తో కరిగించి లాగేయడం, క్రోమియాన్ని పర్మాంగనేట్‌తో ఆక్సీకరించి క్రోమేట్‌గా మార్చి కడిగేయడం అనే పద్ధతులు వచ్చాయి. ఒకటి తీయడానికి ఇంకొకటి కలుపుతున్నామని మాత్రం మరిచిపోకూడదు. క్రోమియం పోయింది, మాంగనీసు వచ్చింది. ఈ బేరంలో లాభం ఉందా లేదా అన్నది ప్రతి ట్యాంకుకూ విడిగా లెక్క వేయాలి.

ప్రశ్న: ఆ మాంగనీసు గాజును పాడు చేయదా? క్రోమియాన్ని తీసి మాంగనీసును తెచ్చిపెట్టుకోవడం కొరివితో తల గోక్కున్నట్టు లేదూ?

జవాబు: అంత ఘోరమేమీ కాదు. గాజు పనివాళ్లకు మాంగనీసు పాత చుట్టమే, ఇనుము వల్ల వచ్చే ఆకుపచ్చ ఛాయను పోగొట్టడానికి దాన్ని కొద్దిగా వేసేవాళ్లు, అందుకే దానికి 'గాజు సబ్బు' అని పేరు కూడా ఉంది. క్రోమియం ఇమిడేదానికంటే చాలా ఎక్కువ మాంగనీసు బోరోసిలికేట్ గాజులో ఇముడుతుంది. నీటికి గాజు తట్టుకునే శక్తి మీద దాని ప్రభావం మామూలు మోతాదుల్లో పెద్దదేమీ కాదు.

ఇబ్బంది వేరేచోట ఉంది. పర్మాంగనేట్ పని ముగిసేసరికి మాంగనీసు నాలుగో ఆక్సీకరణ స్థితిలో, డయాక్సైడ్‌గా ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ అది మెట్లు దిగుతుంది, ప్రతి మెట్టు దగ్గరా కొంత ఆక్సిజన్ వదులుతుంది. మెల్టర్‌లో కరిగిన గాజు మీద ఇంకా కరగని మిశ్రమం ఒక పొరలా తేలుతూ ఉంటుంది, దాన్ని కోల్డ్ క్యాప్ అంటారు. కింద పుట్టిన ఆక్సిజన్ బుడగలు ఆ పొర కింద చేరి నురుగవుతాయి. నురుగు అంటే గాలి, గాలి వేడిని సరిగా పోనివ్వదు, కింద గాజు సలసలా కాగుతున్నా పైన పొర కరగదు. పని మందగిస్తుంది, మరీ ముదిరితే నురుగు పైకి పొంగుతుంది కూడా. రెండోది, మాంగనీసు తనంతట తాను పెద్దగా స్ఫటికాలు కట్టకపోయినా, ఇనుము, నికెల్, క్రోమియం కలిసి కట్టే స్పినెల్‌లో తానూ ఒక చోటు సంపాదించుకుంటుంది.

ఇంకొక చోట కూడా పర్మాంగనేట్ వాడే ఆలోచన ఉంది. హాన్‌ఫర్డ్‌లో ఈడీటీఏ లాంటి కాంప్లెక్సింగ్ రసాయనాలు (లోహాలను పట్టుకుని ద్రవంలోనే ఉంచేవి) బాగా ఉన్న కొన్ని ట్యాంకుల్లో స్ట్రాన్షియం-90, ప్లూటోనియం లాంటివి మడ్డిలోకి దిగకుండా ద్రవంలోనే తేలుతుంటాయి. మామూలు స్ట్రాన్షియం నైట్రేట్ ఎక్కువగా పోస్తే రేడియోధార్మిక స్ట్రాన్షియం దానితో కలిసి కిందికి దిగుతుంది, పర్మాంగనేట్ పోస్తే పుట్టే మాంగనీస్ డయాక్సైడ్ మిగతా వాటిని పట్టుకుని దిగుతుంది. కెమిస్ట్రీగా చూస్తే ముచ్చటైన ఉపాయం. గాజు వైపు నుంచి చూస్తే, రేడియోధార్మికత లేని స్ట్రాన్షియం, మాంగనీసు బండెడు అదనంగా వచ్చి పడ్డాయి. స్ట్రాన్షియం ఆక్సైడ్ మంచి ప్రవర్తన ఉన్నదే, గాజును కాస్త పలచబరుస్తుంది, పెద్దగా అల్లరి చేయదు, కానీ చోటు మాత్రం తింటుంది.

ప్రశ్న: అణువ్యర్థంలో పంచదార కలుపుతారని మీరు రాసినప్పుడు మా ఇంట్లో అందరూ నవ్వారు. నిజమేనా, జోకా?

జవాబు: నిజమే, నవ్వినా ఫర్వాలేదు, మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. హాన్‌ఫర్డ్ తక్కువ రేడియోధార్మిక వ్యర్థాల మెల్టర్ల పద్ధతిలో పంచదార ఉంది, బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్, ఫ్రాన్స్‌లోని లా హేగ్‌ ప్లాంట్లలో వ్యర్థాన్ని గాజుకు ముందు ఎండబెట్టి పొడి చేసే కాల్సైనర్‌లోకీ పంచదార వెళ్తుంది, అక్కడ దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి రుథీనియం ఆవిరై ఎగిరిపోకుండా ఆపడం.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, మొత్తం విషయంలో నాకు ఎక్కువ నచ్చిన భాగం ఇదే. గాజుకు కూర్పు ఒక్కటే కాదు, 'శ్వాస' లాంటిది ఒకటుంది, దాన్ని రెడాక్స్ స్థితి అంటారు. అంటే కరిగిన గాజులో ఆక్సిజన్ పుష్కలంగా ఉందా, కరువుగా ఉందా అన్నది. దాన్ని తెలుసుకోవడానికి ఇనుమును అడుగుతారు. గాజులో ఇనుము రెండు రూపాల్లో ఉంటుంది, ఆక్సిజన్ తక్కువైతే ఫెర్రస్, ఎక్కువైతే ఫెర్రిక్. మొత్తం ఇనుములో ఫెర్రస్ వంతు ఎంతో కొలిస్తే చాలు. అమెరికాలోనే ఉన్న సవానా రివర్ గాజు ప్లాంటులో (1996 నుంచి నడుస్తోంది) ఈ వంతు 0.09 నుంచి 0.33 మధ్య ఉండాలని నియమం పెట్టుకున్నారు.

0.09 కంటే తగ్గితే గాజు మరీ ఆక్సీకరణ వైపు ఉన్నట్టు, ఇందాక చెప్పిన మాంగనీసు నురుగు పొంగుతుంది. 0.33 దాటితే కథ తిరగబడుతుంది, ఆక్సిజన్ కరువై నికెల్, రుథీనియం లాంటివి ఆక్సైడ్లుగా ఉండలేక లోహంగానో సల్ఫైడ్‌గానో విడిపోయి అడుగుకు దిగుతాయి. ఈ మెల్టర్ గాజులోంచి కరెంటు పంపి వేడి చేసేది, అడుగున లోహం పేరుకుంటే కరెంటు గాజును వదిలి ఆ అడ్డదారిన పోతుంది. లోపలికి మనిషి వెళ్లి శుభ్రం చేసే వీలు లేని యంత్రంలో షార్ట్ సర్క్యూట్ అంటే టెన్షన్ ఏ స్థాయిలో ఉంటుందో ఊహించుకోండి.

పంచదార, ఫార్మిక్ ఆమ్లం లాంటివి ఆక్సిజన్‌ను తినేవి, నైట్రేట్లు, మాంగనీస్ డయాక్సైడ్ ఆక్సిజన్‌ను ఇచ్చేవి. ఇవేవీ దాదాపుగా గాజులో మిగలవు (మాంగనీసు తప్ప), కానీ గాజు ఏ స్థితిలో గడ్డకట్టాలో నిర్ణయించేవి ఇవే. రసాయనం పోయినా దాని మాట మిగులుతుంది.

టెక్నీషియం-99 సంగతి కూడా ఇందులోకే వస్తుంది. దాని అర్ధజీవితకాలం దాదాపు 2,11,000 ఏళ్లు, నీటిలో తేలిగ్గా కదిలిపోయే రకం, కనుక గాజులోనే ఉండాలని అందరి పట్టుదల. ఆక్సీకరణ వాతావరణంలో అది ఏడో స్థితిలో ఉండి మెల్టర్‌లోంచి ఆవిరై పోవాలని చూస్తుంది, కాస్త పంచదార పెంచి క్షయకరణ వైపు, అంటే ఆక్సిజన్ కరువు వైపు నెడితే నాలుగో స్థితికి దిగి గాజులో కుదురుగా కూర్చుంటుంది. మరి పంచదార దండిగా పోసేస్తే? ముందే చెప్పాను, లోహం, సల్ఫైడ్. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ప్రశ్న: ఫార్మిక్ ఆమ్లం బదులు గ్లైకోలిక్ ఆమ్లం వాడుతున్నారని విన్నాను. రెండూ కార్బన్ ఆమ్లాలే, రెండూ కాలిపోయేవే, గాజుకు తేడా ఏమిటి? (కెమికల్ ఇంజినీర్)

జవాబు: మంచి ప్రశ్న, మీకు సగం జవాబు తెలిసే అడిగారని అనుమానం. సవానా రివర్‌లో మడ్డికి నైట్రిక్, ఫార్మిక్ ఆమ్లాలు పోసేవాళ్లు. ఫార్మిక్ రెండు పనులు చేసేది: రెడాక్స్‌ను సర్దడం, మడ్డిలోని పాదరసాన్ని లోహంగా మార్చి ఆవిరితో బయటికి లాగే వీలు కల్పించడం. చిక్కు ఏమిటంటే వ్యర్థంలో రుథీనియం, రోడియం, పల్లాడియం ఉంటాయి, అవి చేయి తిరిగిన ఉత్ప్రేరకాలు, ఫార్మిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టి హైడ్రోజన్ పుట్టిస్తాయి. మూసిన పాత్రలో హైడ్రోజన్ అంటే మంటకు పిలుపే. ఆ భయంతో గాలి ఎంత వదలాలి, ఎంత నెమ్మదిగా పోయాలి అన్న కట్టుబాట్లు పెరిగి పని నడక తగ్గింది.

గ్లైకోలిక్ ఆమ్లం నుంచి హైడ్రోజన్ చాలా తక్కువ పుడుతుంది, కనుక ఈ మధ్య అటు మారారు. ఇక గాజు సంగతి. ఒక అణువు ఫార్మిక్ ఆమ్లం పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ అయ్యేసరికి రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఒక అణువు గ్లైకోలిక్ ఆరు ఇస్తుంది. (పంచదార అణువైతే ఏకంగా 48.) అంటే మోలుకు మోలు మార్చేస్తే గాజు మూడింతలు క్షయకరణ వైపు లాగబడుతుంది. కాబట్టి మోతాదు, నైట్రిక్ ఆమ్లంతో దాని నిష్పత్తి, అన్నీ కొత్తగా లెక్క కట్టి ఇనుము వంతు పాత హద్దుల్లోనే ఉండేలా చూస్తారు. అలా చూసినప్పుడు చివరి గాజు కూర్పులో తేడా ఏమీ ఉండదు, ఎందుకంటే ఏ ఆమ్లమూ ఆక్సైడ్ మిగల్చదు.

తేడా వేరే దారిన వస్తుంది. గ్లైకోలేట్ మొత్తం మెల్టర్‌కే పోదు, కొంత ఆవిరి చల్లబడ్డ నీటితో పాత ట్యాంకులకు తిరిగి వెళ్తుంది, అక్కడ వేడికి మెల్లగా హైడ్రోజన్ పుట్టించగలదు. ఆ గ్లైకోలేట్‌ను చంపడానికి ఏం వాడతారో తెలుసా? సోడియం పర్మాంగనేట్. మాంగనీసు మళ్లీ మడ్డిలోకి, మడ్డి మళ్లీ గాజులోకి.

ప్రశ్న: నురుగు తగ్గించే యాంటీఫోమ్ మందు వల్ల కూడా గాజు మారుతుందా?

జవాబు: గాజు వరకు దాదాపు ఏమీ లేదు. అందులో సిలికాన్ ఉంటుంది, గాజే సిలికా మయం, సముద్రంలో చెంబుడు నీళ్లు. కాకపోతే ఆ మందు వేడి ఆమ్లంలో విరిగి మండే ఆవిర్లు పుట్టిస్తుందని తర్వాత తేలింది, దాంతో భద్రత లెక్కలు మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. కార్బన్ ఉంది గనుక రెడాక్స్ లెక్కలో దాన్నీ చేర్చాలి.

ప్రశ్న: గంధకం తలనొప్పి అన్నారు, వివరించలేదు. ఇంధనంలో గంధకం ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు: ఇంధనంలో లేదు. మనమే పోశాం! ప్లూటోనియాన్ని యురేనియం నుంచి విడదీసేటప్పుడు ప్లూటోనియాన్ని మూడో స్థితికి దించడానికి ఫెర్రస్ సల్ఫమేట్ వాడేవాళ్లు. పని బాగా చేసేది, కానీ ఇనుమును, సల్ఫేట్‌ను వ్యర్థంలో వదిలి వెళ్లేది. మన ముంబయిలోని ట్రాంబేలో ఉన్న అధిక రేడియోధార్మిక వ్యర్థంలో సల్ఫేట్ ఉండడానికి కారణం ఇదే.

మామూలు సోడియం బోరోసిలికేట్ గాజులో సల్ఫేట్ సుమారు ఒక శాతం, అటూ ఇటూగా, కరుగుతుంది. అది దాటితే నూనె నీటిమీద తేలినట్టు కరిగిన గాజు మీద ఉప్పు పొర తేలుతుంది. ఆ పొర చేసే నష్టాలు ఒకటి రెండు కాదు. అది గాజు కంటే ఎన్నో రెట్లు బాగా కరెంటును పోనిస్తుంది, మెల్టర్ గోడల్ని, లోహపు భాగాల్ని తినేస్తుంది, సీజియం, టెక్నీషియం లాంటివాటిని తనలోకి లాక్కుంటుంది, పైగా గడ్డకట్టాక నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. గాజు చేసిందే కరగకుండా ఉండాలని, అందులో కరిగే ఉప్పు పొర ఉంటే ఇక చేసి ఏం లాభం?

భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు దీనికి చెప్పిన జవాబు బేరియం బోరోసిలికేట్ గాజు. బేరియం ఉన్న గాజులో సల్ఫేట్ ఎక్కువ ఇముడుతుంది. సున్నం, లిథియం, వెనేడియం కూడా వేరువేరు మోతాదుల్లో సాయపడతాయని ఇతర చోట్ల చేసిన పనుల్లో తేలింది. వీటిలో బేరియం పరిష్కారం నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది, ఎందుకంటే వ్యర్థాన్ని గాజుకు తగ్గట్టు మార్చకుండా గాజునే వ్యర్థానికి తగ్గట్టు మార్చారు. అసలు మార్గం మాత్రం మొదట్లోనే ఉంది: సల్ఫమేట్ బదులు యురేనియం నాలుగో స్థితి లవణం, హైడ్రజీన్ లాంటి గంధకం లేని క్షయకారులను వాడితే సమస్యే పుట్టదు. ప్లూటోనియం వేరుచేసే రోజున గాజు గురించి ఎవరు ఆలోచించారు లెండి.

ప్రశ్న: టైటానియం కలిస్తే గాజు తెల్లబడి స్ఫటికాలు కడుతుందని పింగాణీ పనిలో చూస్తాం. అణువ్యర్థ గాజులోకి టైటానియం ఎందుకు తెస్తున్నారు?

జవాబు: ట్యాంకుల్లో మడ్డి మీద నిలిచే ఉప్పు ద్రవంలోంచి స్ట్రాన్షియం, ప్లూటోనియం పట్టుకోవడానికి మోనోసోడియం టైటనేట్, సీజియం పట్టుకోవడానికి సిలికోటైటనేట్ గింజలు వాడతారు. మొదటిదాని బరువులో నూటికి 80 వంతులు టైటానియం డయాక్సైడే, అదంతా గాజుకే చేరుతుంది. రెండోదానితో నయోబియం, జిర్కోనియం కూడా వస్తాయి. మీ అనుభవం తప్పు కాదు, మోతాదు మించితే టైటానియం స్ఫటికాలు కడుతుంది. హద్దులో ఉంటే మాత్రం కరిగిన గాజు చిక్కదనం కాస్త తగ్గుతుంది, నీటిని తట్టుకునే శక్తికి నష్టం లేదు. సవానా రివర్‌లో మొదట టైటానియం హద్దు చాలా తక్కువగా పెట్టుకుని, పరీక్షలు చేస్తూ పైకి జరుపుకుంటూ వచ్చారు.

ప్రశ్న: అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గాజును గట్టిపరుస్తుంది కదా, దాన్ని సోడాతో కడిగి తీసేయడం తెలివితక్కువ కాదా?

జవాబు: గట్టిపరుస్తుంది, గాజులో ఉన్నంతసేపు. స్ఫటికమై బయటికి రానంతవరకు అన్నమాట. సోడియం, అల్యూమినియం రెండూ పుష్కలంగా ఉండి సిలికా తక్కువైతే, గాజు నెమ్మదిగా చల్లారేటప్పుడు నెఫెలీన్ అనే స్ఫటికం పుడుతుంది. అది తనతోపాటు అల్యూమినాను, సిలికాను లాక్కుపోతుంది, వెనక మిగిలిన గాజు బోరాన్, సోడియం ఎక్కువై డొల్లగా తయారవుతుంది, నీళ్లకు తేలిగ్గా లొంగుతుంది. స్పినెల్ స్ఫటికాలు మెల్టర్‌కు కష్టం గానీ గాజు మన్నికకు పెద్ద హాని చేయవు, నెఫెలీన్ అలా కాదు, దెబ్బ మన్నిక మీదే. డబ్బా సుమారు మూడు మీటర్ల ఎత్తు, అరవై సెంటీమీటర్ల వెడల్పు, నడిమధ్య గాజు చల్లారడానికి గంటలకు గంటలు పడుతుంది, నెఫెలీన్‌కు కావాల్సింది అదే.

దీనికి ఒక ముతక కొలత ఉంది. సిలికా బరువును, సిలికా, సోడియం ఆక్సైడ్, అల్యూమినా మూడింటి మొత్తంతో భాగించండి. 0.62 కంటే ఎక్కువ వస్తే భయం లేదు. నూరు పాళ్లలో సిలికా 45, సోడియం ఆక్సైడ్ 15, అల్యూమినా 10 ఉంటే 0.64, గట్టెక్కారు. అదే కడిగిన సోడా సరిగా పోక సోడియం ఆక్సైడ్ 20కి చేరి సిలికా 43కి తగ్గితే 0.59. అంటే అల్యూమినియాన్ని తీయడానికి పోసిన సోడియమే, సరిగా కడగకపోతే, అదే నెఫెలీన్‌కు దారి వేస్తుంది. కడగడం అంటే నీళ్లు, నీళ్లంటే మళ్లీ ఆవిరి చేయాల్సిన వ్యర్థం. ఈ కొలత మరీ జాగ్రత్తపడే రకం, 0.62 కంటే తక్కువ వచ్చిన గాజులన్నీ చెడ్డవేం కావు, బోరాన్ ఎక్కువుంటే నెఫెలీన్ తగ్గుతుందన్న సంగతి ఈ లెక్కలోకి రాదు. అందుకే కొత్త లెక్కలు వస్తున్నాయి.

ప్రశ్న: గాజు బాగుందని ఎలా తేలుస్తారు? వేల ఏళ్లు ఎవరు చూడొచ్చారు?

జవాబు: గాజును పొడి కొట్టి, శుద్ధమైన నీటిలో వేసి, 90 డిగ్రీల దగ్గర ఏడు రోజులు ఉంచి, నీటిలోకి ఎంత బోరాన్, లిథియం, సోడియం వచ్చాయో కొలుస్తారు. దాన్ని పీసీటీ పరీక్ష అంటారు. పోల్చడానికి అమెరికాలో ఈఏ గాజు అని ఒక కొలమానపు గాజు ఉంది, కొత్త గాజు దానికంటే తక్కువ వదలాలి, మామూలుగా చాలా తక్కువే వదులుతుంది.

ఏడు రోజుల పరీక్ష వేల ఏళ్లకు హామీ కాదు, మీ వెక్కిరింపులో న్యాయముంది. అది ప్రతి బ్యాచ్ ఒకే నాణ్యతతో వస్తోందా అని చూసుకునే తూకంరాయి మాత్రమే. దీర్ఘకాలపు అంచనా కోసం గాజు మీద ఏర్పడే జెల్ పొరను, అది నీటిని ఎంతగా అడ్డుకుంటుందో వేరే పద్ధతుల్లో చదువుతారు, అగ్నిపర్వతాలు వదిలిన పాత బసాల్ట్ గాజును కూడా చూస్తారు. రసాయనాల విషయానికొస్తే పరీక్ష ఒక్కటే చెప్తుంది: కలిపినదాని వల్ల సోడియం పెరిగితే నీటిలోకి వచ్చేదీ పెరుగుతుంది, అల్యూమినా, జిర్కోనియా గాజులోనే నిలిస్తే తగ్గుతుంది.

ప్రశ్న: ఇన్ని లెక్కలు వేసి కలిపినవి ఎప్పుడైనా పూర్తిగా బెడిసికొట్టాయా?

జవాబు: కొట్టాయి. సవానా రివర్‌లోనే ఉప్పు ద్రవంలోని సీజియాన్ని దింపడానికి సోడియం టెట్రాఫినైల్‌బోరేట్ పోయాలనుకున్నారు. సీజియం చక్కగా దిగుతుంది, బోరాన్ గాజుకు ఎలాగూ కావాల్సిందే, కాగితం మీద ఇంతకంటే అందమైన ఏర్పాటు ఉండదు. కానీ వ్యర్థంలోని లోహాలు ఆ అణువును విరగ్గొట్టి బెంజీన్ పుట్టించాయి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా, మండే వాయువు నిండిన పెద్ద ట్యాంకు ఎవరికి కావాలి? 1998లో ఆపేశారు. తర్వాత ద్రావణితో సీజియాన్ని లాగే పద్ధతికి మారారు, దాంతో గాజులోకి వచ్చే అదనపు సరుకు కూడా తగ్గింది.

మెల్లగా బెడిసికొట్టినదీ ఉంది. 1950ల్లో హాన్‌ఫర్డ్ ట్యాంకుల్లో చోటు చాలక సీజియాన్ని అడుగుకు దింపడానికి నికెల్, ఫెర్రోసైనైడ్ కలిపారు. ఫెర్రోసైనైడ్ పేలుతుందేమో అన్న భయం తర్వాత ఏళ్లపాటు వెంటాడింది, అదైతే కాలక్రమంలో చాలావరకు విరిగిపోయింది. నికెల్ మాత్రం ఎక్కడికీ పోలేదు, మడ్డిలో అలాగే కూర్చుంది. ఇప్పుడు గాజు చేసేవాళ్లు స్పినెల్ లెక్క వేసుకుంటూ ఆ నికెల్‌ను చూసి తల పట్టుకుంటారు.

ప్రశ్న: ఇన్ని కలిపిన గాజు చివరికి ఏ రంగులో ఉంటుంది సార్? (తొమ్మిదో తరగతి)

జవాబు: నల్లగా, బొగ్గులా, నిగనిగలాడుతూ. ఇనుము, మాంగనీసు, నికెల్ అన్నీ కలిసి వెలుతురును మింగేస్తాయి. పర్మాంగనేట్ ఎక్కువ పోశారా, పంచదార తక్కువైందా అన్నది చూసి చెప్పలేం, ముక్క తీసి ల్యాబ్‌లో కరిగించి ఇనుమును అడగాల్సిందే.